“బాగానే వుంది” అంటే ఏమిటి?

ఈమధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా ఒక తమాషా గమనిస్తున్నాను. పందిట్లో ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే తీరు మారిపోయింది. వెనకటి రోజుల్లో “పిల్ల పెళ్ళి చేశావా? అల్లుడేం చేస్తున్నాడు?” అని అడిగేవారు. ఇప్పుడు పమిట సర్దుకుంటూ, గొంతు కాస్త తగ్గించి, “మోకాలు మార్పించుకున్నావుటగా, ఎలా వుంది?” అని అడుగుతున్నారు.

దీనికి రెండు రకాల జవాబులు వస్తాయి. కొందరు “హాయిగా వుందమ్మా, ఇంకా ముందే చేయించుకోవలసింది” అంటారు. మరికొందరు ఒక్క క్షణం ఆగి, కాలు కాస్త చాచుకుని, “ఆఁ, బాగానే వుంది” అంటారు. “బాగుంది”కీ “బాగానే వుంది”కీ వున్న తేడా తెలుగువాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. కొత్త కోడలు ఎలా వుందని అడిగినప్పుడు అత్తగారు “బాగానే వుంది” అంటే అందులో ఎంత అర్థం వుంటుందో, ఇందులోనూ అంతే వుంటుంది. ఆ “నే” అనే ఒక్క అక్షరం గురించి ఈ వారం నాలుగు మాటలు చెప్పుకుందాం.

మోకాలు మార్చడమంటే పాత కాలు తీసి కొత్త కాలు తగిలించడమని హడలిపోయేవాళ్ళు ఇంకా వున్నారు. అటువంటిదేం కాదు. అరిగిపోయిన ఎముకల కొసలు కొద్ది మందాన చెక్కి, వాటికి లోహపు తొడుగు వేసి, మధ్యన గట్టి ప్లాస్టిక్ బిళ్ళ అమరుస్తారు. పుచ్చిన పంటికి తొడుగు వేయడం వంటిదే అనుకోండి. తుంటికయితే ఎముక తల తీసేసి, లోహపు కాడ మీద ఒక బంతి, ఆ బంతి తిరగడానికి ఒక గిన్నె అమరుస్తారు.

ఈ విద్యకు రాజమార్గం వేసినవాడు ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్. ఆయన ఇందులో పడడానికి కారణం వింటే నవ్వు వస్తుంది. అంతకుముందు తుంటికి ఒక రకం ప్లాస్టిక్ బంతి పెట్టేవారు. అలా పెట్టించుకున్న ఒకాయన చార్న్‌లీ దగ్గరికి వచ్చాడు. ఆయన గొడవ నొప్పి కాదు. బల్ల మీద వస్తువు అందుకోవడానికి ముందుకు వంగినప్పుడల్లా తుంటి కిర్రుమంటోందిట. ఆ చప్పుడు భరించలేక ఇల్లాలు గదిలోంచి లేచి వెళ్ళిపోతోందిట! ఇంకొక డాక్టరయితే నవ్వేసి, కాస్త ఓర్చుకోమని పంపేసేవాడు. చార్న్‌లీ మాత్రం ఆ కిర్రు ఎక్కడినుంచి వస్తోందా అని ఆలోచనలో పడ్డాడు. రాపిడి అని తేలింది. రాపిడి తగ్గించే సరుకు కోసం వెతికి, మొదట టెఫ్లాన్ వాడాడు. మన దోసెల పెనానికి పూస్తారే, ఆ సరుకే. సుమారు 300 మందికి పెట్టాక, కొద్ది ఏళ్ళలోనే అది అరిగి పొడి రాలి, లోపల వాపు చేయడం మొదలుపెట్టింది. ఆ టెఫ్లాన్‌నూ, దాని బదులు వాడదామనుకున్న గట్టి పాలిథీన్‌నూ తన తొడలోనే పెట్టుకుని ఏది ఎలా పనిచేస్తుందో చూసుకున్నాడు మహానుభావుడు. 1962 నవంబరులో రైటింగ్టన్ ఆసుపత్రిలో ఆ పాలిథీన్ గిన్నె రోగికి పెట్టాడు. అది నిలిచింది. ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్న ఆపరేషనుకు అదే ముత్తాత.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఏ ఎక్స్‌రేలోనూ కనిపించని ఒక ఫిర్యాదు, ఒక ఇల్లాలి చికాకు, డాక్టరు చెవిన వేసుకోవడంతో ఈ విద్య ఇంతదూరం వచ్చింది. తరవాత తరవాత కీళ్ళు వేలల్లో, లక్షల్లో మారుతూ వచ్చేసరికి ఆ చెవి కాస్త మందగించింది కాబోలు.

కీలు మార్చిన ఆపరేషన్లకు దేశం మొత్తానికి పద్దు రాసుకోవడం స్వీడనువారు ప్రారంభించారు. మోకాళ్ళకు 1975లో, తుంటికి 1979లో చిట్టా తెరిచారు. ఎవరికి ఏ రకం కీలు పెట్టారు, ఎన్నేళ్ళకు తీసి మళ్ళీ పెట్టవలసి వచ్చింది అన్నది అందులో అసలు లెక్క. చాలా గొప్ప పని. నాసిరకం కీళ్ళు అలాగే బయటపడతాయి. ఇటువంటి చిట్టాలు కొన్ని కలిపి చూసి 2019లో “లాన్సెట్” వైద్యపత్రికలో ఒక అంచనా ప్రకటించారు. మోకాలు పూర్తిగా మార్చిన కేసుల్లో నూటికి 82 కీళ్ళు 25 ఏళ్ళపాటు నిలుస్తాయిట. మన పెళ్ళిళ్ళలో చదివించే మిక్సీలు 25 నెలలు నిలిస్తే గొప్ప.

ఈ లెక్క ప్రకారం పందిట్లో వున్న పెద్దవాళ్ళందరూ “హాయిగా వుంది” అనే అనాలి. కాని అనడంలేదు. ఎందుకనడంలేదో తెలియాలంటే వాళ్ళనే అడగాలి గదా! అడగడం మొదలుపెట్టింది చాలా ఆలస్యంగా. 1996లో తుంటికీ, 1998లో మోకాలికీ ఆక్స్‌ఫర్డువారు చెరి 12 ప్రశ్నలు తయారుచేశారు. డాక్టరు కాలు వంచి చూసి రాసేవి కావు, రోగి స్వయంగా జవాబు చెప్పేవి. స్నానం చేసి ఒళ్ళు తుడుచుకోవడానికి ఇబ్బందిగా వుందా? కారెక్కి దిగగలుగుతున్నారా? భోజనం చేసి కుర్చీలోంచి లేచేటప్పుడు ఎంత నొప్పి? రాత్రి పక్క మీద నొప్పి వస్తోందా? ఇంటి సరుకులు మీ అంతట మీరే తెచ్చుకోగలరా? మెట్లు దిగగలరా? ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, వెరసి 48. ఇంగ్లండులో 2009 నుంచి, ప్రభుత్వ ఖర్చు మీద కీలు మార్పించుకునేవాళ్ళను ఆపరేషనుకు ముందు ఒకసారి, ఆరు నెలలయ్యాక మరొకసారి ఈ ప్రశ్నలు అడుగుతున్నారు.

ఈ ప్రశ్నలు చదువుతుంటే ఒకటి తోచింది. భోజనం చేసి లేవడమంటే వాళ్ళకు కుర్చీలోంచి లేవడం. మన ఇళ్ళలో పెద్దావిడకు లేవడమంటే పీట మీంచి లేవడం, దేవుడి ముందు చాప మీంచి లేవడం, మనవణ్ణి ఒళ్ళో వేసుకుని గోడకు చేరగిలబడ్డచోటునుంచి లేవడం. ఆ 48కి 44 మార్కులు వచ్చిన మోకాలు కూడా వ్రతం పీటల మీద సున్నా కావచ్చు. ఆ సంగతి కాసేపు పక్కన పెడదాం, మళ్ళీ దాని దగ్గరికే రావాలి.

కెనడాలో అంటారియో రాష్ట్రంలో 1703 మోకాలి ఆపరేషన్ల మీద విచారించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. నూటికి 19 మంది తమకు తృప్తిగా లేదన్నారు. అంటే అయిదుగురిలో ఇంచుమించు ఒకరు. కారణాలన్నిటిలోకీ పెద్దది ఏమిటో తెలుసా? కుట్టు చీము పట్టడం కాదు, కీలు వదులవడం కాదు. తాము అనుకున్నది జరగకపోవడం! అనుకున్నది నెరవేరలేదని చెప్పిన వాళ్ళలో అసంతృప్తి పదిరెట్లకు పైగా వుంది.

ఆ తరవాత 2013లో ఎడింబరో డాక్టర్లు తుంటీ మోకాలూ మార్పించుకున్న 4709 మందిని ఏడాది తరవాత అడిగి చూశారు. తృప్తిని నిర్ణయించినవి ఏవంటే, మొదటిది, ఆపరేషనుకు ముందు పెట్టుకున్న ఆశలు నెరవేరడం. రెండోది, నొప్పి తగ్గించిన తీరు. మూడోది, ఆసుపత్రిలో వున్న ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయన్నది. మన 12 ప్రశ్నల మార్కులు వీటి తరవాత వచ్చాయి. ఏడాది గడిచాక కూడా, కాలు చక్కగా నడుస్తున్నా సరే, వార్డులో జరిగిన ఆదరణో అనాదరణో మనసులో కూర్చునే వుందన్నమాట.

ఇది చదివినప్పుడు నాకేం ఆశ్చర్యం కలగలేదు. ఎందుకంటే మా పెద్దమ్మ వుంది.

ఆవిడకు అప్పుడు 68 ఏళ్ళు. కుడి మోకాలు ఒక పట్నం ఆసుపత్రిలో మార్పించారు. ఏ ఆసుపత్రి అన్నది అప్రస్తుతం, అటువంటివి ఊరికి నాలుగున్నాయి. ఆపరేషన్ చేసిన డాక్టరు చెయ్యి మంచిది. ఆ ఎక్స్‌రే చూసిన ప్రతి డాక్టరూ ఫస్టు క్లాసుగా వుందన్నాడు. మోకాలు 115 డిగ్రీలు వంగుతోంది. నడక నిటారయింది. వీధి చివర గుడిదాకా ఒక్కర్తీ వెళ్ళి వస్తోంది. కాని ఎడమ మోకాలు కూడా చేయించుకోమంటే మాత్రం ససేమిరా అంది. రెండేళ్ళపాటు ఒక కొత్త మోకాలితో, ఒక పాత మోకాలితో, గోడలు పట్టుకుని నడిచింది. మా అన్నయ్యలు బతిమాలారు, కోప్పడ్డారు. “డబ్బు దండగ, నాకు బాగానే వుంది” అనేది.

ఒకనాడు మధ్యాహ్నం వత్తులు చేసుకుంటూ వుండగా నెమ్మదిగా కూపీ తీశాను. మొదట ఏమీ లేదంది. తరవాత ఒకటొకటే బయటికి వచ్చాయి.

ఆపరేషన్ అయిన మొదటి రోజు ఆవిడకు నొప్పే లేదుట. అందరికీ ఫోన్లు చేసి “ఇంతేనా, దీనికేనా ఇన్నాళ్ళు భయపడ్డాను” అని చెప్పింది. రెండో రోజు రాత్రి ప్రాణాలు తోడేసే నొప్పి పుట్టుకొచ్చింది. నిజానికి ఇందులో వింతేమీ లేదు. నడుముకూ తొడకూ ఇచ్చిన మత్తుమందు దిగిపోయాక అసలు నొప్పి తెలుస్తుంది. చాలామందికి మొదటి రోజుకన్న రెండో రోజే కష్టం. ఆ ముక్క ఆవిడతో ఎవరూ అనలేదు. లోపల ఏదో తప్పిపోయిందనీ, కుట్లు తెగిపోయాయనీ, ఇంక నడవననీ నిశ్చయానికి వచ్చేసింది. గంట నొక్కింది. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కింది. చాలాసేపటికి ఒక నర్సమ్మ వచ్చి, “ఆపరేషనన్నాక నొప్పి వుండదా మామ్మగారూ? కాస్త ఓర్చుకోవాలి” అని దీపం ఆర్పేసి వెళ్ళింది. “ఆ దీపం ఎందుకు ఆర్పిందే?” అని నన్నడిగింది పెద్దమ్మ, రెండేళ్ళ తరవాత, వత్తి చేతిలో పట్టుకుని.

ఆ నర్సమ్మను తిట్టడానికి నాకు నోరు రాదు. రాత్రివేళ ఒక్క పిల్ల ఎన్ని పక్కలు చూసుకుంటుంది? ఆ పిల్లకు ఎన్ని గంటల డ్యూటీయో, ఏం జీతమో మనం అడగం. ఆసుపత్రి వసారాలో పాలరాయి పరిచిన వాళ్ళు ఆ డబ్బులో కొంత పెట్టి రాత్రికి మరో నర్సును వేసుకుంటే ఆ గంట మోగడం ఎవరికైనా వినిపించేది. పాలరాయి బిల్లు కట్టేవాళ్ళకు కనిపిస్తుంది, రాత్రి నర్సు కనిపించదు. అదీ చిక్కు.

నొప్పి విషయంలో మనవాళ్ళ తప్పూ కొంత వుంది. ఓర్చుకోవడం గొప్ప అని మన ఆడవాళ్ళకు చిన్నప్పటినుంచీ నేర్పిపెట్టాం. నొప్పి బిళ్ళ అడగడానికి మొహమాటం. “ఎక్కువ వేసుకుంటే కిడ్నీలు పోతాయిట” అని పక్క మంచం బంధువుల వైద్యం ఒకటి. కీలు మార్చిన తరవాత మొదటి రోజుల్లో నొప్పి అణిచిపెట్టడం విలాసం కాదు సుమా, వైద్యంలో భాగం. నొప్పితో బిగపట్టుకున్న కాలు వంగదు. వంచని కీలు పట్టేస్తుంది. అందుకే వ్యాయామం చేయించడానికి ఫిజియోథెరపీ మనిషి వచ్చేలోపల బిళ్ళ కడుపులో పడివుండేటట్లు చూసుకోవాలి. ఏ బిళ్ళ, ఎన్ని, ఎన్నాళ్ళు అన్నది డాక్టరు చెప్పాలి. షుగరు, బి.పి., కిడ్నీ జబ్బు వున్నవాళ్ళు ఆ సంగతి మరీ మరీ చెప్పి రాయించుకోవాలి.

పెద్దమ్మ రెండో ఫిర్యాదు డాక్టరు మీద. “వచ్చేవాడు, తలుపు దగ్గరే నుంచునేవాడు, బాగుందామ్మా అనేవాడు, నేను నోరు తెరిచేలోపల పక్క గదిలో వుండేవాడు.” ఆయనకూ పని వుంటుంది, నిజమే. కాని అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో 2012లో ప్రచురించిన ఒక చిన్న పరిశీలన గురించి చెబుతాను వినండి. వెన్నెముక ఆపరేషన్లు అయినవాళ్ళ దగ్గరికి ఒక డాక్టరు రౌండ్స్‌కు వెళ్ళేటప్పుడు, కొందరి దగ్గర నుంచుని మాట్లాడాడు, కొందరి దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గడియారం పట్టి చూస్తే నుంచున్నప్పుడే కొన్ని సెకండ్లు ఎక్కువ సేపు వున్నాడు. రెండు విధాలా ఒకటి, ఒకటిన్నర నిమిషాలకు మించలేదు. కాని రోగులను అడిగితే, కూర్చున్నప్పుడు డాక్టరుగారు అయిదు నిమిషాలపైన వున్నారన్నారు, నుంచున్నప్పుడు నాలుగు నిమిషాల లోపే అన్నారు. ఒక కుర్చీ ఖరీదెంత? కాకపోతే మన ఆసుపత్రుల్లో ఆ ఒక్క కుర్చీలో మనమే, చూడవచ్చిన చుట్టాలమే, కూర్చుని వుంటాం. డాక్టరు వస్తే లేచి చోటివ్వాలి.

మూడోది వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డిశ్చార్జి రోజున బిల్లు కౌంటరు దగ్గర ఒక ఫారం ఇచ్చారుట. “మా సేవలు మీకు సంతృప్తి కలిగించాయా? అత్యుత్తమం, ఉత్తమం, ఫరవాలేదు.” దాన్ని మా పెద్దన్నయ్య, బిల్లు కట్టే తొందరలో, కారు బయట హారను కొడుతూ వుండగా, అన్నిటికీ “అత్యుత్తమం” అని గీతలు పెట్టేసి ఇచ్చేశాడు. మోకాలు ఎవరిదో ఆవిడ చక్రాల కుర్చీలో పక్కనే వుంది. ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు. అడిగినా లాభం లేదనుకోండి. ఎదురుగా ఫారం అందించిన పిల్ల నవ్వుతూ నుంచుని వుండగా “ఫరవాలేదు” అని రాసే తెగువ మన పెద్దవాళ్ళకు లేదు. పైగా ఆపరేషన్ అయిన నాలుగో రోజున మోకాలి సంగతి ఎవరికి తెలుస్తుంది? ఎడింబరోవాళ్ళు ఏడాది ఆగి అడిగారని చెప్పానే, అందులో కీలకం వుంది.

అమెరికాలో ఇటువంటి ఫారాలను ప్రభుత్వమే పట్టించుకుంది. ఇంటికి వెళ్ళిన రోగులకు ఒకే తీరు ప్రశ్నలు పంపి, ఏ ఆసుపత్రికి ఏం మార్కులు వచ్చాయో 2008 నుంచి బాహాటంగా ప్రకటిస్తున్నారు. నర్సులు మర్యాదగా చూశారా, గంట నొక్కితే వెంటనే వచ్చారా, రాత్రి గది చుట్టుపక్కల సద్దు లేకుండా వుందా వంటి ప్రశ్నలు మొదట్లో అందులో వుండేవి. 2012 నుంచి ఆ మార్కులను బట్టి వృద్ధుల వైద్యానికి ఇచ్చే ప్రభుత్వ సొమ్ములో కొంత హెచ్చుతగ్గులు చేశారు. వినడానికి బాగుంది. అయితే అక్కడా ఒక తిరకాసు వచ్చింది. “మీ నొప్పి బాగా తగ్గించారా?” అన్న ప్రశ్నకు మార్కుల కోసం డాక్టర్లు నల్లమందు జాతి మందులు ఎక్కువగా రాస్తారేమోనని గోల లేచింది. ఆ ప్రశ్నలను మొదట మార్చారు, 2019లో పూర్తిగా తీసేశారు. కాబట్టి తృప్తి ఒక్కటే కొలబద్ద అని నేను అనను. తీపి మాటలు చెప్పి, పళ్ళరసం ఇచ్చి, మోకాలు వంకరగా పెట్టే ఆసుపత్రి ఎవరికి కావాలి? చెయ్యి మంచిదే వుండాలి. ఆ చేతికి ఒక నోరూ రెండు చెవులూ కూడా వుంటే మన పెద్దమ్మ రెండేళ్ళు కుంటవలసిన పని లేదంటున్నాను, అంతే.

ఇక ఇందాక పక్కన పెట్టిన సంగతి. పెద్దమ్మ అసలు బాధ గంటా కాదు, ఫారమూ కాదు. ఇంటికి వచ్చిన నాలుగు నెలలకు కార్తీక మాసం వచ్చింది. సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. పీట వేసి కూర్చోబోతే కాలు మడత పడలేదు. అక్కడే వున్న పిన్ని కొడుకు, వాడూ డాక్టరే, “అయ్యో, నువ్వు కింద కూర్చోకూడదు పెద్దమ్మా, వాళ్ళు చెప్పలేదూ?” అన్నాడు. వాళ్ళు చెప్పలేదు. లేక ఇంగ్లీషులో మా అన్నయ్యలతో చెప్పారేమో తెలియదు. “దేవుడి ముందు కూర్చోవడానికే నేను కాలు కోయించుకున్నానే!” అంది. తక్కిన వాళ్ళందరూ ఆవిడ నడవడానికి చేయించుకుంటోందనుకున్నారు. ఆవిడ కూర్చోవడానికి చేయించుకుంది. ఆ తేడా ఎవరికీ తెలియలేదు, ఎవరూ అడగలేదు గనక.

మోకాలు మార్చాక సాధారణంగా 110, 120 డిగ్రీల వరకు వంగుతుంది. కుర్చీకి, మెట్లకు, కారుకు అది చాలు. గొంతుక్కూర్చోవడానికి, మఠం వేసుకోవడానికి ఇంకా బాగా వంగాలి. ఆపరేషనుకు ముందే కాలు తక్కువగా వంగేవాళ్ళకు తరవాతా తక్కువగానే వంగుతుంది. కొందరు డాక్టర్లు కొన్నాళ్ళు పోయాక కాస్త కింద కూర్చోనిస్తారు. చాలామంది వద్దంటారు. మరుగుదొడ్డి పాతరకంది వుంటే ఇంటికి వచ్చేలోపలే ఎత్తుది పెట్టించుకోవాలి. తుంటి మార్చినవాళ్ళకయితే మొదటి వారాల్లో మరీ కిందికి వంగడం, కాలు మీద కాలు వేసుకోవడం ప్రమాదం. బంతి గిన్నెలోంచి జారవచ్చు.

ఇంకా చెప్పని సంగతులు చాలా వున్నాయి. కుట్టుకు వెలుపలి పక్క చర్మం మొద్దుబారి, తాకితే తెలియకుండా వుంటుంది. చర్మానికి వెళ్ళే చిన్న నరం కోతలో తెగుతుంది గనక అలా అవుతుంది. కాలక్రమాన తగ్గవచ్చు, కొంత వుండిపోనూ వచ్చు. నడిచేటప్పుడు అప్పుడప్పుడూ టిక్కుమని చప్పుడు వస్తుంది. లోహమూ ప్లాస్టిక్కూ తగిలే చప్పుడది, మామూలుగా భయపడవలసిన పని లేదు. మోకాలు కొన్ని నెలలపాటు వెచ్చగా, కాస్త వాచి వుంటుంది. మొదటి వారాల్లో రాత్రి నిద్ర సరిగా పట్టదు. పూర్తిగా కోలుకోవడానికి ఏడాది పట్టేవాళ్ళూ వున్నారు. పక్కింటావిడ ఆరువారాలకే తిరుపతి మెట్లెక్కిందని చెప్పేవాళ్ళ మాటలు ఒక చెవితో విని రెండో చెవితో వదిలెయ్యాలి. ఇవేవీ భయంకరమైన సంగతులు కావు. ముందే చెబితే “ఓహో, డాక్టరుగారు చెప్పినట్టే వుంది” అని ధైర్యం. చెప్పకపోతే ఒక్కో టిక్కుకు ఒక్కో రాత్రి నిద్ర పోతుంది. నిజంగా పరుగెత్తవలసినవి వేరే వున్నాయి. కుట్టులోంచి రసి కారడం, జ్వరం, పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం రావడం. వీటికి పక్కింటావిడను కాదు, డాక్టరును అడగాలి, ఆ పూటే.

డబ్బు గురించీ ఒక మాట. 2017 ఆగస్టులో మన ప్రభుత్వం మోకాలికి పెట్టే పరికరాల ధరకు హద్దు కట్టింది. ఎక్కువగా వాడే కోబాల్టు క్రోమియం రకం అంతకుముందు సగటున 1,58,324 రూపాయలకు అమ్ముతూ వుంటే, దాన్ని 54,720 రూపాయలకు దించింది, పన్ను అదనం. మంచి పనే జరిగింది. అయితే అది లోపల పెట్టే పరికరం ధర మాత్రమే. గది అద్దె, డాక్టరు రుసుము, మందులు, వ్యాయామం అందులో కలవవు. ఇది తెలియక బిల్లు దగ్గర తగాదాలు పడి, ఇంటికి వెళ్ళే రోజున మనసు విరిచేసుకునే కుటుంబాలు ఎన్నో. ఆఖరి రోజు చేదు తక్కిన రోజులకూ అంటుకుంటుంది. మొత్తం ఎంతవుతుందో, దేనికెంతో, చేరేముందే కాగితం మీద రాయించుకోవడంలో మొహమాటం ఏమీ పనికిరాదు.

తృప్తి అంటే ఏమిటో కొలవడానికి 2012లో మరొక పద్ధతి వచ్చింది. అది నాకు చాలా నచ్చింది. నొప్పి ఎంత, వంపు ఎంత అని కాకుండా, “ఆ కీలు మీకు గుర్తుకు వస్తోందా?” అని అడుగుతారు. రాత్రి పక్క మీద గుర్తుకు వస్తోందా? మెట్లెక్కేటప్పుడు గుర్తుకు వస్తోందా? గుర్తుకు రాకపోవడమే నూటికి నూరు మార్కులన్నమాట. తుంటి మార్పించుకున్నవాళ్ళు ఇందులో మోకాలివాళ్ళకన్న ఎక్కువ మార్కులు తెచ్చుకుంటారు. మోకాలు పెంకిది, తనను అంత సులువుగా మరచిపోనివ్వదు.

పోయినేడు మాఘమాసంలో పెద్దమ్మ ఎడమ మోకాలు కూడా మార్పించుకుంది, మరొక ఆసుపత్రిలో. వెళ్ళేముందు ఒక కాగితం మీద తనే నాలుగు ముక్కలు రాసుకుంది. గుడికి నడవాలి. మేడ మెట్లు దిగాలి. బస్సెక్కి అక్కయ్య గారి ఊరు వెళ్ళాలి. దేవుడి ముందు కూర్చోవాలి. డాక్టరు ఆ కాగితం తీసుకుని, స్టూలు లాక్కుని కూర్చుని చదివాడు. మొదటి మూడింటికీ టిక్కు పెట్టాడు. నాలుగో దాని దగ్గర కలం ఆపి, “ఇది మాత్రం నా చేత కాదమ్మా, కింద కూర్చోవడం కుదరదు. కుర్చీ మీద కూర్చుని చేసుకోవచ్చు” అన్నాడు. తరవాత రెండో రోజు నొప్పి గురించీ చెప్పాడు, ఆ రాత్రికి ఎవర్ని పిలవాలో పేరుతో సహా. పెద్దమ్మ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆపరేషనుకు ఇంకా పది రోజుల వ్యవధి వుంది. ఇంటికి రాగానే వడ్రంగికి కబురు పెట్టించింది, దేవుడి మందిరం కుర్చీ ఎత్తుకు సరిపోయేటట్లు కింద బల్ల ఒకటి చేయించడానికి.